ఎం.ఏ. తెలుగులో నాటకమా, కవిత్వమా? ఎలెక్టివ్ ఫారం నింపే ముందు

ఎలెక్టివ్ ఫారం నింపే వారం వచ్చిందంటే ఎం.ఏ. తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ, నాటకం తీసుకోవాలా కవిత్వం తీసుకోవాలా అని. ఒక్కో యూనివర్సిటీలో ఈ పేపర్లకు ఒక్కో పేరు ఉంటుంది, ఒకచోట ప్రబంధ సాహిత్యం అంటారు, ఇంకోచోట ఆధునిక కవిత్వం అంటారు, మరోచోట నాటక సాహిత్యం ప్రత్యేకాంశం అంటారు. పేరు ఏదైనా పిల్లలు అడిగేది మాత్రం "ఏది ఈజీ? దేంట్లో మార్కులు పడతాయి?" అనే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. పద్యమంటే ఇంకా బెదురు ఉన్నవాళ్లు కవిత్వం తీసుకోండి, ఆ బెదురు పోగొట్టుకోవడానికే తీసుకోండి. పద్యం చూసి సొంతంగా అన్వయం చేసుకోగలిగినవాళ్లు, అంటే పదాలను అర్థం కుదిరే వరసలో పెట్టుకోగలిగినవాళ్లు, పక్కన కూర్చుని పైకి చదవడానికి ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఉన్నవాళ్లు నాటకం తీసుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, పద్యం రాదు కాబట్టి నాటకం వైపు పరుగెత్తుతారు, రెండో నెలకల్లా టెన్షన్ మొదలవుతుంది.

ఎందుకంటే తెలుగు నాటకంలో పద్యం తప్పించుకునే వీలు లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, కాళ్లకూరి నారాయణరావు చింతామణి, వీటిలో పద్యాలు తీసేస్తే మిగిలేది చాలా తక్కువ. సరే, వచనం ఎక్కువగా ఉన్నవాటికే వెళదాం అనుకున్నా అదీ నల్లేరు మీద నడక కాదు. వేదం వేంకటరాయ శాస్త్రి ప్రతాపరుద్రీయంలో పాత్రను బట్టి భాష మారుతుంది, చాకలి పేరిగాడి మాట ఒకలా, యుగంధరుడి మాట ఒకలా ఉంటుంది. కన్యాశుల్కం సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులో ఉన్నది 1890ల నాటి విజయనగరం ప్రాంతపు మాట. అగ్రహారపు ఇళ్లలో తిట్లు, గిరీశం నోట ఇంగ్లీషు ముక్కలు, కరటకశాస్త్రి నోట సంస్కృతం, కోర్టు దగ్గర వాడే ఉర్దూ మాటలు అన్నీ కలిసి ఉంటాయి. ఈ రోజు చదివే పిల్లలకు నన్నయ పద్యానికి ఎంత టీక కావాలో రామప్పంతులు మాటకూ అంతే కావాలి. తేడా ఏమిటంటే నన్నయకు టీకలు దొరుకుతాయి.

రెండింటిలో మీది ఏదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను, ఫారం నింపే ముందు ఒక సాయంత్రం కూర్చుని చేయండి. కృష్ణరాయబారం ఘట్టం తీసుకోండి. ఒకే కథ, ఒకే సభ, మాట్లాడేది ఒకే కృష్ణుడు. తిక్కన ఉద్యోగపర్వంలో "సారపు ధర్మమున్ విమల సత్యము పాపముచేత బొంకుచే" అని మొదలయ్యే పద్యం, పాండవోద్యోగంలో "చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందఱున్" అని మొదలయ్యే పద్యం. రెండూ ఉత్పలమాలలే, అవే భ ర న భ భ ర వ గణాలు, అదే 20 అక్షరాల పాదం, యతి అదే పదో అక్షరం మీద. తిక్కనలో "సా"కు సత్యములోని "స", రెండోదానిలో "చె"కు "జే". చట్రంలో ఎక్కడా తేడా లేదు.

ఇప్పుడు రెండూ పైకి చదవండి. తిక్కన పద్యం అంతా ఒకే వాక్యం. ధర్మం, సత్యం పాపం చేతా అబద్ధం చేతా గట్టెక్కలేక చెడిపోతుంటే ఆపగల సమర్థులు ఎవరు ఊరుకుంటారో ఆ ఊరుకోవడం వాళ్లకే చేటు అంటాడు. ఒక పాదం చివర "దక్షులె" అని ఆగి మరుసటి పాదం "వ్వారలు" అని మొదలవుతుంది, ఇంకోచోట "ధర్మని" దగ్గర పాదం తెగి "స్తారకము" కిందికి దిగుతుంది. పాదం ఆగినా వాక్యం ఆగదు, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. అందులో కృష్ణుడు పేరు పెట్టి ఎవరినీ అనడు, దక్షులు అనే మాట సభలో ఉన్న పెద్దలందరి మీదా పడుతుంది. భీష్ముడు తల వంచుకున్నాడో లేదో తిక్కన చెప్పడు, మనమే ఊహించుకోవాలి.

తిరుపతి వేంకట కవుల పద్యం అలా ఉండదు. మాటలు చిన్న చిన్నవి, ఎదుటివాడి ముఖం చూసి అన్నట్టు ఉంటాయి. పాండవులు ఓర్చుకున్నారు, అది గడిచిపోయింది, ఇవాళ నన్ను దూతగా పంపారు, పొందు చేస్తావా రేపు యుద్ధమే తెచ్చుకుంటావా తేల్చి చెప్పు, అని చివర "కౌరవేశ్వరా" అంటాడు. ఆ చివరి దీర్ఘం మీద నటుడు రాగం తీస్తాడు, హార్మోనియం అందుకుంటుంది, ముందు వరసలోంచి ఎవరో ఒన్స్ మోర్ అంటారు. ఆ పద్యం రాసినప్పుడే నటుడి గొంతును, ఎదురుగా కూర్చున్న దుర్యోధనుణ్ణి, వెనక వరసలో నిలబడి చూసేవాణ్ణి లెక్కలోకి తీసుకుని రాశారు.

మొదటి పద్యం దగ్గర మీరు ఆగిపోయి, వాక్యం ఎక్కడ తెగిందో మళ్లీ మళ్లీ చూసుకోవాలనిపిస్తే మీది కవిత్వం. రెండో పద్యం చదివి, ఆ మాటకు దుర్యోధనుడు ఏం చేస్తాడు, కర్ణుడు ఎటు కూర్చున్నాడు అని అడగాలనిపిస్తే మీది నాటకం. రెండూ అనిపిస్తే చాలా మంచిది, అలాంటివాళ్లు ఏది తీసుకున్నా నష్టపోరు. ఏదీ అనిపించకపోతే కథా సాహిత్యం పేపరుందేమో చూసుకోండి, అందులో తప్పేమీ లేదు.

ఈ రెండూ విడివిడి గదులు కావని కూడా ఇక్కడే చెప్పాలి. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను చూసినవాళ్లకు "ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము" అనే పద్యం తెలిసే ఉంటుంది. అది బలిజేపల్లి పద్యం కాదు, జాషువా శ్మశానవాటి ఖండికలోది. రంగస్థల నటులు దాన్ని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు, జనం గుండెకు హత్తుకుంది, ఇవాళ అది లేకుండా కాటి సీను ఊహించలేం. కవిత్వం పేపరులో ఆ పద్యాన్ని జాషువా వేదన అని చదువుతాం, నాటకం పేపరులో అదే పద్యాన్ని ఒక రాజు కాటికాపరి అయి పాడుతున్నాడని చదువుతాం. అర్థం మారిపోతుంది. నన్నడిగితే సాహిత్యం చదివేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు, రెండు పేపర్లలోనూ దీన్ని చెప్పాలి.

ఇక వారం వారం చేయాల్సిన పని సంగతి. ప్రాచీన కవిత్వం అంటే ప్రతిపదార్థం, అన్వయం, గణవిభజన, తాత్పర్యం, ఆ తర్వాతే విశ్లేషణ. మొదట్లో ఒక పద్యానికి గంట పట్టినా కంగారు పడకండి. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు పక్కన పెట్టుకోవాలి, ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటువులూ ఉన్నాయి, చాలా కావ్యాల పాఠాలూ ఉన్నాయి, ఫోనులోనే చూసుకోవచ్చు. కవిత్రయ భారతానికి తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన వ్యాఖ్యాన సంపుటాలు ఉన్నాయి, లైబ్రరీలో అడగండి. ఈ పని ఒంటరిగా చేసుకోగలిగింది, రాత్రి పదకొండుకైనా చేసుకోవచ్చు, ఎవరి కోసమూ ఎదురు చూడక్కర్లేదు.

ఆధునిక కవిత్వానికి నిఘంటువు పని తక్కువ, చరిత్ర పని ఎక్కువ. మహాప్రస్థానం పుస్తకంగా 1950లో వచ్చింది కానీ అందులో గీతాలు ఎక్కువగా 1930లవి, ఆ తేడా తెలియకపోతే ఆర్థిక మాంద్యం, ఆకలి, నిరుద్యోగం అన్న మాటలు గాల్లో వేలాడతాయి. దిగంబర కవుల సంపుటాలు 1965 నుంచి 1968 మధ్య వచ్చాయి, మొదటిదాన్ని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ పని ఎందుకు చేశారో చెప్పలేని జవాబు ఎంత పొడుగు రాసినా లోపల ఏమీ ఉండదు. స్త్రీవాద కవిత్వానికి నీలిమేఘాలు, దళిత కవిత్వానికి చిక్కనవుతున్న పాట సంకలనాలు దగ్గరుంచుకోండి, విడి కవితల జిరాక్సుల కంటే సంకలనం మొత్తం చదివితే ఆ కాలం కళ్ల ముందుకొస్తుంది.

నాటకం పేపరుకు మాత్రం మనుషులు కావాలి. కన్యాశుల్కం ఒంటరిగా మౌనంగా చదివితే సగం హాస్యం పోతుంది. మొదటి అంకం మొదట్లోనే గిరీశం ఒక్కడే నిలబడి సాయంకాలమైందని మొదలుపెట్టి, పూటకూళ్లమ్మ డబ్బు ఎలా ఖర్చు పెట్టాడో తనకు తానే చెప్పుకుంటాడు. దాన్ని పైకి చదివితేనే ఎక్కడ ఆగాలో, ఎక్కడ జనం నవ్వుతారో తెలుస్తుంది. నలుగురు కూర్చుని పాత్రలు పంచుకోండి, నటన రానక్కర్లేదు, గొంతు ఉంటే చాలు. మధురవాణి మాటలు చదివే అమ్మాయికి ఆ పాత్ర తెలివితేటలు గైడులో పది పేజీలు చదివినదానికంటే ఎక్కువ అర్థమవుతాయి. 1897 ముద్రణా 1909 ముద్రణా రెండూ సంపాదించగలిగితే ఇంకా మంచిది. గురజాడ పన్నెండేళ్ల తర్వాత నాటకాన్ని దాదాపు మళ్లీ రాశాడు, మధురవాణి ఎంత పెరిగిందో రెండూ పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. ఆడటానికి 1909 పాఠం చాలా పెద్దది, రంగస్థలం మీద ఎక్కువగా కుదించే వేస్తుంటారు, ఏది తీసేశారు ఎందుకు తీసేశారు అన్నది ఒక మంచి సెమినార్ టాపిక్.

అందుకే నాటకం తీసుకునే ముందు సీనియర్లను రెండు ప్రశ్నలు అడగండి. క్లాసులో నాటకం పైకి చదివించారా? ఏడాదిలో ఒక్క ప్రదర్శనకైనా తీసుకెళ్లారా, కనీసం వీడియో అయినా పెట్టి మాట్లాడారా? రెండింటికీ లేదనే జవాబు వస్తే అక్కడ నాటకాన్ని నవలలా చెబుతున్నారని అర్థం. కథాసంగ్రహం, పాత్రచిత్రణ, నాటకకర్త జీవితం, అయిపోయింది సిలబస్. అలాంటి చోట కవిత్వం తీసుకోవడమే మేలు, ఎందుకంటే కవిత్వాన్ని పేలవంగా చెప్పినా పద్యం మీ చేతిలో ఉంటుంది, మీరే కుస్తీ పట్టవచ్చు. నాటకాన్ని పేలవంగా చెబితే మీ చేతిలో మిగిలేది మాటల జాబితా. ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. 1885లో మొదలైన సురభి నాటక కంపెనీ వారసులు ఇవాళ్టికీ నాటకాలు ఆడుతున్న నేల మీద, ఒక్క నాటకం కూడా చూడకుండా నాటకం పేపరు ఫస్ట్ క్లాసులో పాసవ్వచ్చు.

సిద్ధాంతం గురించి ఎక్కువ కంగారు అక్కర్లేదు, చాలావరకు రెండింటికీ ఉమ్మడిదే. కవిత్వం పేపరులో మొదట చదివే రససూత్రం, అంటే రసం ఎలా పుడుతుందో చెప్పే సూత్రం, భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలోది, అంటే పుట్టిందే నాటకం కోసం, ఆనందవర్ధనుడి చేతుల్లో కావ్యానికి నిండుగా పట్టింది. నాటకం వాళ్లకు అదనంగా దశరూపకం, నాటక కథను భాగాలుగా చూపే పంచసంధులు, అర్థప్రకృతులు వస్తాయి. వాటిని సంస్కృత మర్యాదలో రాసిన నాటకాలకు పట్టి చూస్తే పనికొస్తాయి. కన్యాశుల్కంలో ముఖసంధి ఎక్కడ, గర్భసంధి ఎక్కడ అని వెతికే జవాబులు ఏటా చూస్తుంటాం, దాని వల్ల ఆ నాటకం గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదని నా గట్టి అభిప్రాయం.

ఉద్యోగం, పోటీ పరీక్షలు ముఖ్యమనుకునేవాళ్లకు లెక్క స్పష్టంగానే ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో తెలుగు ఆప్షనల్ రెండో పేపరు చూడండి. నన్నయ దుష్యంత చరిత్ర, తిక్కన శ్రీకృష్ణ రాయబారం, శ్రీనాథుడి గుణనిధి కథ నుంచి జాషువా గబ్బిలం, శ్రీశ్రీ మహాప్రస్థానం, నారాయణరెడ్డి కర్పూర వసంతరాయలు దాకా 15 రచనల్లో 11 కవిత్వమే. నాటకం ఒక్కటే, ఆత్రేయ ఎన్జీవో. గురజాడ ఉన్నాడు గానీ కన్యాశుల్కంతో కాదు, ఆణిముత్యాలు కథలతో. మొదటి పేపరులో నాటకం, నాటిక సాహిత్య ప్రక్రియలుగా వస్తాయి, అంతవరకే. కాబట్టి సివిల్స్ ఆలోచన ఉంటే కవిత్వం తీసుకోండి, రెండో మాట లేదు. స్కూలులోనో జూనియర్ కాలేజీలోనో పాఠం చెప్పాలనుకునేవాళ్లకూ అదే చెబుతాను, పాఠ్యపుస్తకం తెరిస్తే ముందు చెప్పాల్సింది పద్యం, రాగయుక్తంగా చదివి పిల్లల చేత చదివించగలగాలి.

పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు నా సలహా మారుతుంది, వాళ్లకు నాటకమే చెబుతాను. శ్రీశ్రీ మీద, కృష్ణశాస్త్రి మీద, ప్రబంధ వర్ణనల మీద ఇప్పటికే ఎన్నో సిద్ధాంత గ్రంథాలున్నాయి, కొత్త మాట చెప్పడం చాలా కష్టం, పరిశోధన చేయించే గైడ్ కూడా వెయ్యి జాగ్రత్తలు చెబుతారు. నాటకంలో దున్నని నేల చాలా ఉంది. చింతామణి తీసుకోండి. వేశ్యావ్యామోహాన్ని ఖండించడానికి కాళ్లకూరి రాసిన నాటకం, ఊరూరా ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ హాస్యం మారుతూ వచ్చింది, ఒక కులాన్ని కించపరుస్తున్నారని అభ్యంతరాలు వచ్చాయి, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించింది. అచ్చులో ఉన్న పాఠం ఏమిటి, రంగస్థలం మీద ఆడిన పాఠం ఏమిటి, జనం దేనికి నవ్వారు, ఎవరికి నొప్పి కలిగింది? ఒక మనిషి మూడేళ్లు పనిచేసినా తరగని విషయం ఇది. అలాగే సుంకర, వాసిరెడ్డి రాసిన మాభూమిని ప్రజానాట్యమండలి దళాలు పల్లెల్లో ఆడిన తీరు, నాటక పరిషత్తుల పోటీల వల్ల నాటిక నిడివి, రూపం ఎలా మారాయన్నది, పద్యనాటకాల్లో స్త్రీ పాత్రలు వేసిన పురుషులు, తర్వాత వచ్చిన నటీమణుల జీవితాలు, ఇవన్నీ చేయాల్సిన పనులు.

కానీ కష్టం కూడా అక్కడే ఉంది, దాచను. నాటకం మెటీరియల్ లైబ్రరీలో కూర్చుంటే దొరకదు. స్క్రిప్టులు చాలావరకు అచ్చు కాలేదు, చేతిరాత ప్రతులు నటుల ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉంటాయి, గుర్తున్నవాళ్లు పెద్దవాళ్లయిపోయారు. ఊళ్లు తిరగాలి, రికార్డు చేసుకోవాలి, ఆ ఖర్చు ఫెలోషిప్ లేకపోతే చేతి నుంచే. అందుకు సిద్ధపడేవాళ్లే ఎంచుకోండి. ఎంచుకుంటే మాత్రం ఇప్పుడే వెళ్లండి, ఆ మనుషులు ఉన్నప్పుడే.

మరీ తేల్చుకోలేకపోతున్నవాళ్లకు మధ్యలో పాట, పద్యం, ఆట కలిసిన యక్షగానం ఉంది. తంజావూరు నాయకరాజుల కాలంలో విజయరాఘవ నాయకుడు, రంగాజమ్మ రాసినవి చదవడానికి కవిత్వం, ఆడటానికి నాటకం. రంగాజమ్మ మన్నారుదాస విలాసం దగ్గర మొదలుపెట్టి తెలంగాణ చిందు యక్షగానం దాకా ఒక డిజర్టేషన్ నడపవచ్చు. డిపార్టుమెంటులో దీనికి ఇష్టపడే గైడ్ దొరకడమే ముఖ్యం.

ఇంకో గందరగోళం కూడా ఉంది. నటించాలని, దర్శకత్వం చేయాలని కోరిక ఉండి ఎం.ఏ. తెలుగులో నాటకం పేపరు తీసుకునేవాళ్లు కనిపిస్తారు. ఆ పేపరు నటన నేర్పదు. దానికి థియేటర్ ఆర్ట్స్ కోర్సులు వేరే ఉన్నాయి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయంలో ఆ శాఖలున్నాయి. ప్రవేశ ప్రకటనలు చూసుకుని అటు వెళ్లండి.

ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదివేవాళ్లు, ఇంటి పనుల మధ్య చదువుకునే గృహిణులు కవిత్వం తీసుకోవడం మంచిది, తోడు లేకుండా నడిచే చదువు అదే. నాటకం మీదే మనసుంటే ఒక పని చేయండి, ఎన్జీవోతో మొదలుపెట్టండి, చాలీచాలని జీతంతో నడిచే గుమాస్తా ఇల్లు, భాష తేలిక, ఇంట్లోవాళ్లతో పాత్రలు పంచుకుని చదవచ్చు. అది సాఫీగా సాగితే వరకట్నం మీద కాళ్లకూరి రాసిన వరవిక్రయం, ఆ తర్వాత కన్యాశుల్కం. ఫారం గడువు దగ్గర పడితే ఎన్జీవో ఒక్కటి చదివినా చాలు, నాటకం మీకు నప్పుతుందో లేదో తెలిసిపోతుంది.